మస్కట్‌కు పోయిన ఇంజన్ చప్పుడు

మొన్న మాఘమాసంలో మా చెల్లెలి మనవడి పెళ్లికి కోరుట్ల వెళ్లాము. పెళ్లికొడుకు ఊరేగింపు కోసమని ఎక్కడి నుంచో ఒక పాతకాలపు కారును కిరాయికి తెప్పించారు. తెల్లగా మెరుగుపెట్టి, బంతిపూల దండలు వేసి, ముందర అద్దం మీద వధూవరుల పేర్లు అతికించిన ఆ కారు సరిగ్గా ఫంక్షన్ హాలు గేటు ముందరికి వచ్చి ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. పాటల చప్పుడు ఆపేశారు, పిల్లలు ఫోన్లు పట్టుకొని చుట్టూ చేరారు. నడివయసు డ్రైవరు మాత్రం తొందరపడకుండా దిగి బానెట్ లేపాడు. నేను గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నాను. ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తాడు అనుకున్నాను, తీశాడు. ఇక పాయింట్లు గీకుతాడు అనుకున్నాను, జేబులోంచి ఉప్పుకాగితం ముక్క తీసి గీకాడు. ఎప్పుడు లేచానో, ఎప్పుడు ఆ బానెట్ పక్కకు వెళ్లి నిలబడ్డానో నాకే తెలియదు. ముసలమ్మకు చూడాలని ముచ్చటగా ఉందనుకొని ఆయన కొంచెం పక్కకు జరిగాడు. కాగిన నూనె, పెట్రోలు, వాటి వెనక సన్నగా కాలిన రాగి వాసన వచ్చాయి. కారు అందుకుంది, పాటలు మళ్లీ మొదలయ్యాయి, ఊరేగింపు కదిలిపోయింది. నేను ఆ ఖాళీ జాగాలోనే నిలబడి ఉంటే, భోజనాల బంతి నుంచి లేచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన మా ఆయన, వెళ్లిపోతున్న కారును ఒకసారి, నన్ను ఒకసారి చూసి, నా పక్కనే నిలబడ్డాడు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఊళ్లో కారు అంటే అది ఒక మనిషితో సమానం. దానికి బుద్ధి ఉండేది, అలక ఉండేది, ఎండ పడేది కాదు, వాన పడేది కాదు. నేను కాపురానికి వచ్చిన ఇంట్లోనూ అలాంటి కారు ఒకటి ఉండేది. మా పుట్టిల్లు గంభీరావుపేట దగ్గర, అత్తవారిల్లు కథలాపూర్ దగ్గర. అత్తవారిది తరతరాలుగా కల్లుగీత. మా మామ చెట్టెక్కితే కింద ఉన్నవాళ్లకు ఆకు కదిలిన చప్పుడు కూడా వినిపించేది కాదట. నేను ఆ ఇంటికి రాకముందే ఆయన తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము అతుక్కోవడం వంకరగా అతుక్కుంది. నడవగలడు, కూర్చోగలడు, వంగలేడు. చెట్టెక్కేటప్పుడు ఆయన నడుముకు వేసుకునే మోకు వసారాలో చిలక్కొయ్యకు వేలాడుతూ ఉండేది. ఎవరూ దాన్ని తీసి లోపల పెట్టేవారు కాదు, పెట్టమని ఆయనా అనేవాడు కాదు.

మా ఆయన చెట్టెక్కలేదు. చిన్నప్పుడే జగిత్యాలలో ఒక షెడ్డులో పనికి కుదిరి, లారీలూ జీపులూ బాగుచేయడం నేర్చాడు. ఒక ఊరి గడీ దొరలు పట్నం వెళ్లిపోతూ, కొట్టంలో పడివున్న తమ పాత కారును, చేసిన పనికి బదులుగా తీసుకుపొమ్మన్నారు. అది అప్పటికే ముసలిది. దాని సీట్ల మీద కోళ్లు గుడ్లు పెట్టేవట. ఒకప్పుడు పచ్చరంగు, నేను చూసేనాటికి ఎండిన తంగేడాకు రంగు. ముందర రెండు గుండ్రటి దీపాలు బెదిరిన ఎడ్ల కళ్లలాగా ఉండేవి. మా ఆయన దాన్ని విప్పి, కడిగి, మళ్లీ బిగించి, ఒకరోజు అందరూ చూస్తుండగా మా వాకిట్లోకి నడిపించుకొచ్చాడు. మా పెళ్లిలో నన్ను గంభీరావుపేట నుంచి తెచ్చింది ఆ కారులోనే. దారి పొడుగునా కిటికీ అద్దం ఎత్తరాక దుమ్మంతా నా పట్టుచీర మీదే పడింది.

మా పెళ్లైన కొన్ని నెలలకే ఆయనకు మస్కట్ వీసా వచ్చింది. అప్పుడప్పుడే మా వైపు నుంచి మగవాళ్లు గల్ఫ్‌కు పోవడం మొదలైంది. వెళ్లేముందు, కోతలైపోయిన పొలంలో తండ్రిని స్టీరింగు ముందర కూర్చోబెట్టి నడపడం నేర్పాడు. కూర్చొని చేసే పని గనుక మా మామకు అది పట్టుబడింది. చెట్టు దూరమైన మనిషికి చేతిలోకి మళ్లీ ఒక పని వచ్చింది. పెళ్లిళ్లకు, వేములవాడ మొక్కులకు, సిరిసిల్ల బంధువుల ఇళ్లకు జనం మా కారును అడిగేవారు. తెల్ల ధోవతి కట్టుకొని, తలకు రుమాలు చుట్టుకొని, మా మామ ఆ కారులో కూర్చుంటే మా అత్త గుమ్మంలోంచి చాటుగా చూసి, చూడనట్టు లోపలికి వెళ్లిపోయేది.

మా ఆయన మస్కట్ వెళ్లిన మొదటి ఎండాకాలంలోనే కారుకు ఆ జబ్బు పట్టుకుంది. బయలుదేరేటప్పుడు బాగానే ఉండేది. పోగా పోగా ఎక్కడో చెట్టు నీడ కూడా లేనిచోట గుర్రుగుర్రుమని, రెండుసార్లు వెనక్కి తన్నినట్టు ఊగి, ఆగిపోయేది. ఎంత సెల్ఫ్ కొట్టినా రాదు, హ్యాండిల్ తిప్పినా రాదు. అందరూ దిగి, నీళ్లు తాగి, విసుక్కొని, ఇంక నడిచిపోదామని మూటలు సర్దుకునే వేళకు, మా మామ ఊరికే ఒకసారి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు అందుకునేది. కోరుట్ల తీసుకుపోతే మెకానిక్కు ముందర ఒక్కసారి కూడా ఆగేది కాదు. బడిలో పంతులు ముందర బుద్ధిగా కూర్చొని ఇంటికొచ్చి అల్లరి చేసే పిల్లల్లాంటి బుద్ధి దానిది. ఒక పెళ్లికూతురు ముహూర్తం దాటాక మండపం చేరింది. ఆ తరువాత మా కారును అడగడం తగ్గింది. మా మామ పొద్దున లేచి కారు తుడిచి, మధ్యాహ్నం దాకా దాని పక్కనే మంచం వేసుకొని కూర్చునేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. ఆ కూర్చోవడం చూస్తే చిలక్కొయ్యకున్న మోకు గుర్తొచ్చేది నాకు.

అప్పటి మర్యాదలు మీకు తెలుసు. కోడలు మామ ఎదుట కూర్చోదు, ఎదురుపడితే పక్కకు జరిగి నిలబడుతుంది, ఏదైనా చెప్పాలంటే అత్తతో చెప్పిస్తుంది. పెళ్లై ఏడాది దాటినా మా మామ గొంతు నాతో మాట్లాడగా వినలేదు నేను. ఒకరోజు పొద్దున ఆయన బానెట్ లేపి, లోపల ఏముందో చూద్దామని వంగబోయి, వంగలేక, కారు పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. అత్తను పిలిచాడు. పొయ్యి దగ్గర నుంచే ఆమె, ఆ దయ్యాన్ని నేను ముట్టను అంది. ఇంట్లో మిగిలింది నేను. బావి దగ్గర నుంచి బిందెతో వస్తున్నదాన్ని ఆగి, పక్కకు జరిగి నిలబడ్డాను. ఆయన నా వైపు చూడకుండా కారు వైపే చూస్తూ అన్నాడు.

"నాకు నడుము వంగది బిడ్డా. నీ కండ్లు జర నాకియ్యి."

బిందె దించి, కొంగు నడుముకు చెక్కుకొని, ఆ ఇంజన్‌లోకి తొంగిచూశాను. ఏది ఏమిటో తెలియదు. నల్లటి గిన్నెలాంటిది ఒకటుంది, దాని తల మీద నుంచి లావుపాటి తీగలు పురుగు కాళ్లలాగా పోతున్నాయి అని చెప్పాను. ఆయన స్టూలు మీద కూర్చొని, కొడుకు చెప్పినవి గుర్తు చేసుకుంటూ, అది పెట్రోలు వచ్చే గొట్టమా, కరెంటు వచ్చే తీగనా అని అడిగేవాడు. నేను చూసి చెప్పేదాన్ని. ఇద్దరికీ తెలిసింది సగం సగమే. కానీ మధ్యాహ్నం దాకా మాట్లాడుకుంటూనే ఉన్నాము, కారును తప్ప ఒకరినొకరు చూసుకోకుండా.

తరువాత కారును కోరుట్ల తీసుకువెళ్లినప్పుడు నన్నూ వెంట తీసుకుపోయాడు. మా అత్త గొణిగింది, ఊరు కొంచెం నవ్వింది, మా మామ పట్టించుకోలేదు. బస్టాండు వెనక షెడ్డులో ఒక పెద్దాయన ఉండేవాడు, అందరూ చాచా అనేవారు. అది మా ముందర ఆగదు, మీ ముందరే ఆగుతుంది, అందుకని ఆగినప్పుడు ఏం చూడాలో నేర్పుతాను అన్నాడాయన. పెట్రోలు వస్తున్నదా లేదా ముందు చూడాలట, అది సరిగా ఉంటే ఇక కరెంటు సంగతే. ప్లగ్గు తీగ ఊడదీసి ఇంజన్ ఇనుముకు గింజంత దూరంలో పట్టుకొని సెల్ఫ్ కొట్టిస్తే, నిప్పురవ్వ తెల్లగా టక్కున దూకితే బతికున్నట్టు, ఎర్రగా మెల్లగా దూకితే జ్వరమున్నట్టు, దూకకపోతే వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. మొదటిసారి పట్టుకున్నప్పుడు తీగ జారి నా మోచేయి దాకా జివ్వుమంది. నేను ఎగిరి వెనక్కి పడబోయాను. చాచా కంగారుపడ్డాడు. మా మామ మాత్రం నవ్వాడు. ఆ ఇంటికి వచ్చాక ఆయన నవ్వు వినడం నాకు అదే మొదలు.

అలా ఆ ఎండాకాలమంతా ఆ కారుకు నాడి చూశాము. డిస్ట్రిబ్యూటర్ అనే ఆ నల్లగిన్నె మూత తీస్తే లోపల రెండు చిన్న పాయింట్లు కలుస్తూ విడుతూ ఉంటాయి, ఆ విడిపోవడంలోనే నిప్పు పుడుతుందని చాచా చెప్పాడు. అవి నల్లబడితే ఉప్పుకాగితంతో గీకేదాన్ని. రెండింటి నడుమ ఎంత సందు ఉండాలో కొలవడానికి పెళ్లి కార్డు ముక్క ఒకటి కత్తిరించి పెట్టుకున్నాను. గీకిన పాయింట్లు మళ్లీ మళ్లీ మాడిపోతుంటే, వాటిని మాడకుండా కాసే కండెన్సర్ పోయిందని తేలి, కొత్తది వేశాము. కొన్నాళ్లు బాగా తిరిగింది. జనం మళ్లీ అడగడం మొదలుపెట్టారు. మా మామ మళ్లీ రుమాలు చుట్టాడు. ఒక మొక్కుకు వేములవాడ పోయి వస్తుండగా మళ్లీ ఆగింది. ఈసారి నిప్పుకు బలమిచ్చే కాయిల్ వేడెక్కుతున్నదేమో అనుకొని తడిగుడ్డ చుట్టాము. ఒకసారి గుడ్డ చుట్టగానే వచ్చింది, రోగం దొరికింది అనుకున్నాము. ఇంకోసారి ఎన్ని నీళ్లు పోసినా రాలేదు. కాయిల్ కూడా మార్చాము. అయినా అదే తీరు.

కారు ఆగినచోట కాసేపు కూర్చోవడం మాకు అలవాటైపోయింది. మా మామ వెనక్కి ఆనుకొని కళ్లు మూసుకొనేవాడు. ఇంజన్ ఆగబోయే ముందర చేసే చప్పుడును ఆయన తనకు తెలిసిన మాటల్లో చెప్పేవాడు. చెట్టెక్కుతుంటే ఒక అడుగు కింద మోకు జారినట్టు ఉంటుందని, పట్టు ఉంటుంది గానీ నమ్మకం ఉండదని. గాలికి ఈతచెట్ల మట్టలు గలగలలాడేవి, దూరంగా ఎవరిదో మోట బావి గిరక మోగేది. ఆయన తాను పడ్డ రోజు సంగతి నాకు అలాంటి ఒక మధ్యాహ్నమే చెప్పాడు. ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పని సంగతి అది. పడుతున్నప్పుడు భయం వేయలేదని, కిందపడి కళ్లు తెరిచి పైకి చూస్తే, తన కల్లు లొట్టి అంత ఎత్తున చక్కగా కట్టి ఉండటం చూసి, ఇక దాన్ని దించేది తాను కాదని అప్పుడే తెలిసిపోయిందని చెప్పాడు. కారు చల్లబడే దాకా ఇద్దరమూ దారి వైపు చూస్తూ కూర్చున్నాము.

అప్పుడే మా మామకు ఒక ఆలోచన వచ్చింది. మస్కట్ నుంచి మా ఆయన ఉత్తరాల బదులు క్యాసెట్లు పంపేవాడు, మేమూ క్యాసెట్టులోనే మాట్లాడి, అటు వెళ్లే వాళ్ల చేత పంపేవాళ్లం. మాటలు పంపగా లేంది ఇంజన్ చప్పుడు పంపలేమా అన్నాడు మామ. కారును ఊరి చుట్టూ బాగా తిప్పి, వేడెక్కించి, వాకిట్లో పెట్టి, బానెట్ లేపి, టేపురికార్డరును ఇంజన్ పక్కన పీట మీద పెట్టాము. అది మిస్సింగ్ కొట్టే దాకా ఎదురుచూశాము. ఎప్పుడూ అక్కర్లేనప్పుడు ఆగే కారు ఆరోజు ఎంతకూ ఆగలేదు. మా అత్త, గింత పెట్రోలు గాలికి పోసుడేంది అని తిడుతూనే ఉంది. చివరికి ఊగి, తన్ని, ఆగింది. ఆ చప్పుడంతా క్యాసెట్టులోకి పోయింది. పెగడపల్లి నుంచి మస్కట్ వెళ్తున్న ఒక దూరపు చుట్టం చేత దాన్ని పంపించాము.

జవాబు రావడానికి వానలు పడే కాలమైంది. క్యాసెట్టు పెట్టుకొని ముగ్గురమూ వసారాలో కూర్చున్నాము. ఆయన గొంతు ఎప్పటికంటే మెల్లగా ఉంది. అక్కడ తన గదిలో ఉండేవాళ్లంతా చుట్టూ కూర్చొని విన్నారట. కరీంనగర్ వైపు వాళ్లే అందరూ. ఇంజన్ సంగతి ఎవరికీ పట్టలేదట. వెనక మన కోడిపుంజు కూసింది, బావి గిరక చప్పుడైంది, అమ్మ తిట్టింది, అవే మళ్లీ మళ్లీ పెట్టించుకొని విన్నారట. ఒకాయన లేచి బయటకు వెళ్లిపోయాడట. అది విని మా అత్త ముక్కు చీదుకొని లోపలికి పోయింది. కారు గురించి ఆయన చెప్పింది కొంచెమే. పెట్రోలు జబ్బు కాదు, కరెంటుదే, ఎక్కడో తాకీ తాకనట్టుంది, చేత్తో పట్టుకొని చూస్తే గానీ చెప్పలేను అన్నాడు. చివర కాసేపు క్యాసెట్టు తిరుగుతున్న సన్నటి చప్పుడు మాత్రం వినిపించింది.

అప్పటికి నేను నిండునెలలతో ఉన్నాను. నేను కడుపుతో ఉండగానే వెళ్లిన మనిషి, తన బిడ్డ పుట్టేనాటికి అక్కడే ఉన్నాడు. మా అత్త నన్ను బానెట్ దగ్గరికి పోనిచ్చేది కాదు. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లాలి గానీ, ముసురు పట్టి వాగులు పొంగి గంభీరావుపేట దారి మూతపడింది. నీళ్లు తగ్గాక పోదామనుకుంటుండగానే, ఒకరోజు తెల్లవారి చుక్కలు వెలిసిపోయే వేళకు నొప్పులు మొదలయ్యాయి. ఊళ్లో మంత్రసాని వచ్చి చూసి, బిడ్డ అడ్డం తిరిగినట్టున్నది, కోరుట్ల దవాఖానాకు తీసుకుపొండి అంది. ఎడ్లబండి మీద ఆ బురదలో పోలేము. మా మామ వెళ్లి కారు తీశాడు. వెనక సీట్లో అత్త ఒళ్లో తల పెట్టుకొని పడుకున్నాను. వాన ఆగి ఉంది. కిటికీలోంచి కడిగినట్టున్న పొద్దు, తడిసిన ఈతచెట్లు, వాటి మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న కొంగలు కనిపించాయి. నొప్పి వచ్చి పోయే నడుమ ఆ లోకమంతా ఎంతో దూరంగా, ఎవరో చెబుతున్న కథలాగా అనిపించింది.

కథలాపూర్ దాటి కొంచెం పోయామో లేదో కారు ఊగింది, తన్నింది, ఆగింది.

మా మామ సెల్ఫ్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆ తరువాత స్టీరింగు మీద చేతులు పెట్టుకొని అలాగే కూర్చున్నాడు. ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది నాకు. అటూ ఇటూ చూస్తే దారి మీద మనిషి లేడు. మా అత్త దేవుళ్లందరికీ మొక్కడం మొదలుపెట్టింది. నాకు మాత్రం ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్లూ వేడెక్కితే ఆగుతున్నది అనుకున్నాము. ఇంకా పొద్దెక్కలేదు, వానకు చల్లబడ్డ బండి, గట్టిగా రెండు మైళ్లు కూడా రాలేదు. వేడిది కాదు జబ్బు, వేడి దాన్ని ఎక్కువ చేస్తుంది అంతే. నేను తలుపు తెరవబోతే అత్త చెయ్యి పట్టుకుంది.

"ఏడికి పోతున్నవే? సచ్చిపోతవు."

"ఊకె పండుకున్నా సచ్చిపోతనే అత్తా. జర పట్టుకో."

ఆమె నా కళ్లలోకి చూసింది. తరువాత తానే ముందు దిగి, నన్ను దింపి, నా నడుము చుట్టూ చేతులు వేసి వెనక నుంచి పట్టుకుంది. అలాగే ఇద్దరమూ ఒకే మనిషిలాగా ముందరికి నడిచాము. మా మామ బానెట్ లేపి పట్టుకున్నాడు. పెట్రోలు ఉంది. నిప్పురవ్వ లేదు. మూత తీశాను, లోపల పొడిగా ఉంది. పాయింట్లు తెల్లగా ఉన్నాయి. మధ్యలో నొప్పి వచ్చింది. ఫెండర్ పట్టుకొని, మా అత్త భుజం మీద తల వెనక్కి వాల్చి, అది పోయేదాకా ఆగాను. మళ్లీ వంగాను. గిన్నె లోపలి నుంచి బయటకు వచ్చే చిన్న తీగ ఒకటుంటుంది, వేలి పొడవు కూడా ఉండదు. దానికేం అవుతుందని ఇన్నాళ్లూ ఎవరమూ దాన్ని చూడలేదు. పైకి చక్కగా ఉంది. రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగాను. రబ్బరులాగా సాగింది. తీగ సాగదు కదా.

"మామా, గిది పైకే మంచిగున్నది. లోపట తెగింది."

"తెగినది ఇన్నొద్దులు ఎట్ల నడిచింది బిడ్డా?"

"తాకినప్పుడు నడిచింది మామా."

ఆయన కారు వెనక్కి వెళ్లాడు. పెళ్లిళ్లకు కారుకు కట్టే రంగుబల్బుల దండ డిక్కీలో పడి ఉంది. అందులోంచి జానెడు తీగ తెంపి, సీటు కింద ఎప్పుడూ ఉంచుకునే తన గీతకత్తితో దాని రెండు కొసలూ ఒలిచి నా చేతిలో పెట్టాడు. చెట్టుకు గాయం చేసినంత నేర్పుగా ఒలిచాడు, ఒక్క పోగు కూడా తెగలేదు. పాత ముక్క తీసి దాన్ని బిగించాను. నొప్పికి చేతులు వణుకుతుంటే మా అత్త, కారును దయ్యమనే మా అత్త, తన చేత్తో నా మణికట్టును పట్టి నిలిపింది. మూత పెట్టాను. మామ వెళ్లి తాళం తిప్పాడు. కారు ఒక్కసారికే అందుకుంది. ఎన్ని నెలలుగానో విననంత నున్నటి చప్పుడు, ఒక్క అడుగు కూడా జారని చప్పుడు.

తరువాతిదంతా నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. కోరుట్ల దారిలో ఎదురైన గొర్రెల మంద, మా మామ కొట్టిన హారను, దవాఖాన గోడ మీద పాకిన తడి మరకలు. డాక్టరమ్మ ఇంకాస్త ఆలస్యమైతే చేతిలో లేకపోయేది అందట. మధ్యాహ్నానికి నాకు ఆడపిల్ల పుట్టింది. చూడటానికి వచ్చిన మా మామ గుమ్మంలోనే ఆగి, కోడలు పడుకున్నచోటికి రావచ్చా రాకూడదా అని తచ్చాడుతుంటే, మా అత్తే చెయ్యిపట్టి లోపలికి తీసుకొచ్చింది. ఆయన వేళ్ల సందుల్లో ఇంకా ఇంజన్ మసి ఉంది. బిడ్డను ముట్టకుండా చేతులు వెనక్కి పెట్టుకొని, చాలాసేపు చూసి వెళ్లిపోయాడు.

మా ఆయన వచ్చేసరికి పాప తప్పటడుగులు వేస్తోంది. తండ్రిని చూసి ఏడ్చి తాత కాళ్లు చుట్టుకుంది. ఆయన సామాన్లు దించాడో లేదో వాకిట్లోకి వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, ఎంతో ఇష్టంగా కారు బానెట్ లేపాడు. దూరదేశంలో అన్నాళ్లు ఆ పని కోసమే ఎదురుచూసినట్టుంది. లోపలికి వంగబోతుంటే మామ మంచం మీద నుంచే అన్నాడు.

"ఆగు కొడుకా. కోడలిని పిలువు, గదాని సంగతి ఆమెకెరుక."

మామ మెచ్చుకోలుగానే అన్నాడు, నాకు గర్వంగానే అనిపించింది. కానీ మా ఆయన చేతులు బానెట్ మీదే ఆగిపోయాయి. కాసేపటికి నవ్వాడు, నన్ను పిలిచాడు, నేను ఒక్కొక్కటీ చూపిస్తుంటే శ్రద్ధగా విన్నాడు. సాయంత్రం బావి దగ్గర చేతులు కడుక్కుంటూ, నేను లేకున్నా అన్నీ నడిచినయ్ అన్నాడు మెల్లగా. నీళ్లు పోస్తూ నిలబడ్డాను. నువ్వు ఉంటే ఇదంతా నేను నేర్చుకునేదాన్నే కాదు అనాలనిపించింది. అది ఆయనకు ఓదార్పు అవుతుందో, ఇంకో దెబ్బ అవుతుందో తేల్చుకోలేక ఊరుకున్నాను. సెలవు అయిపోయింది, ఆయన మళ్లీ వెళ్లాడు. మా కాపురం చాలా ఏళ్లు అలాగే, రాకలకూ పోకలకూ నడుమ, తాకీ తాకనట్టు సాగింది. మేము నిజంగా ఒక ఇంట్లో కలిసి ఉండటం మొదలుపెట్టేనాటికి ఇద్దరికీ తలలు నెరిశాయి.

కారు ఎక్కువ కాలం నిలవలేదు. జీపులొచ్చాయి, ఆటోలొచ్చాయి, దాని సామాన్లు దొరకడం మానేశాయి. ఎవరో పాతబండ్లు పోగుచేసేవారు వచ్చి లారీ మీద ఎక్కించుకుపోయారు. ఆరోజు మా మామ పొలం వైపు వెళ్లి, లారీ చప్పుడు వినబడనంత దూరం పోయాకే ఇంటికి వచ్చాడు. ఆ తరువాత చాలా ఏళ్లు బతికాడు. సాయంత్రాలు రోడ్డువైపు మంచం వేసుకొని కూర్చునేవాడు, నేను గుమ్మంలో బియ్యం ఏరుకునేదాన్ని. పోయే బండిని చూడకుండానే, దీనికి పాయింట్లు పోయినయ్, దానికి ప్లగ్గు తడిసింది అనేవాడు. నేను అవును అనో, కాదు మామా, పెట్రోలు అందుతలేదు అనో అనేదాన్ని. అదే మా ముచ్చట. ఇరుగుపొరుగు వాళ్లకు అందులో ఏముందో అర్థమయ్యేది కాదు. ఏళ్లు గడిచినకొద్దీ చెప్పడానికి ఏమీ ఉండేది కాదు, బండ్లన్నీ ఒకే తీరుగా సుయ్యిమని పోయేవి. మా మామ చనిపోయేముందు ఏడాది అనుకుంటాను, ఎంతో సేపు చెవి ఒగ్గి కూర్చొని, ఇప్పుడు బండ్లు ఏం మాట్లాడుతలేవు బిడ్డా అన్నాడు. నేను చాటలోంచి తల ఎత్తి చూస్తే ఆయన ముఖంలో బాధ లేదు, వినడం అయిపోయిన మనిషి ప్రశాంతత ఉంది.

ఇప్పుడు మేము సిరిసిల్లలో, ఆ రోజు పుట్టిన బిడ్డ దగ్గరే ఉంటున్నాము. దానికి కారు ఉంది, మీట నొక్కితే మొదలవుతుంది, ఆ ఇంజన్ మీద నల్లటి మూత ఒకటి బిగించి ఉంటుంది, లోపల ఏముందో కొన్నవాళ్లకు కూడా తెలియదు. అది ఎక్కడా ఆగదు, ఆగకపోవడమే మంచిది, పిల్లలను కడుపులో మోసేవాళ్లు రోడ్డు మీద నిలబడనవసరం లేదు. గల్ఫ్‌లో ఉన్న మా వాళ్ల పిల్లలు పొద్దున తిన్నది, రాత్రి తిన్నది ఫోన్లో చూపిస్తారు, ఎవరూ ఒక కోడికూత కోసం క్యాసెట్టు వెనక్కి తిప్పుకోవలసిన పని లేదు. అంతా మేలే జరిగింది, కాదని ఎలా అంటాను. అయినా కోరుట్ల వెళ్లేటప్పుడు కథలాపూర్ దాటాక ఒకచోట నాకు తెలియకుండానే చెవులు నిక్కుతాయి. రెండువైపులా ఈతచెట్లు ఇంకా కొన్ని ఉన్నాయి, దారి మాత్రం నల్లగా నున్నగా అయింది. ఒక మాట పుట్టడానికి, ఒక మనిషి తాను పడ్డ సంగతి మరో మనిషికి చెప్పుకోవడానికి, దారి మధ్యలో అలా ఏమీ తోచకుండా కూర్చునే మధ్యాహ్నాలు కావాలేమో. వాటిని మేము కోరి తెచ్చుకోలేదు, ఒక ముసలి కారు మాకు ఇచ్చింది. బిడ్డకు ఇదంతా చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను. నోరు తెరిచేలోపలే కోరుట్ల వచ్చేస్తుంది.